బోర్డులు లేని మడులు

"డిగ్రీ చదివావు గదా అని ఇంట్లో కూర్చోబెట్టి మేపుతామా? రేపటికి ముఠాలో ఒక మనిషి తక్కువైంది. నువ్వు రా," అన్నాడు ఏసుబాబు, కంచం ముందు కూర్చుని.

స్తుతి కూర వడ్డిస్తూ ఆగింది. ఆమె మొగుడు కలుపు తీసే కూలీల ముఠాకి మేస్త్రి. మిరప చేలకీ పత్తి చేలకీ ఆడవాళ్ళని ఆటోలో పంపించి, తను బండి మీద వెనకే వెళ్తాడు. నాలుగింటికి లేచి వండి, గేదెకి గడ్డి కోసుకొచ్చి, అత్త పుల్లమ్మ మోకాళ్ళకి నూనె రాసే మనిషిని మేపడమంటే ఏమిటో ఆమెకి అర్థం కాలేదు. "ఎక్కడికండీ?" అని మాత్రం అడిగింది.

"చిలకలూరిపేట రోడ్డులో మందుమొక్కల తోట. ఆఫీసర్లొస్తున్నారంట. ఒక్క పరక కనపడగూడదన్నారు."

కాలేజీ రోజుల్లో ఆ తోటకి స్తుతి వాళ్ళ బోటనీ క్లాసంతా ఒకసారి వెళ్ళింది, ఆమె తప్ప. ఆ వారమే పెళ్ళిచూపులు. ఎండన పడితే నల్లబడతావని అమ్మ ఆపేసింది. స్నేహితురాలి రికార్డు చూసి బొమ్మలు వేసుకుంది. నాలుగేళ్ళ తర్వాత అదే గేటు ముందు, తలకి తువ్వాలు చుట్టుకుని, అన్నం క్యారేజీతో ఆటో దిగింది.

సూపర్‌వైజర్ నాగేంద్రబాబు మడులు చూపించి, పని ఉందని లోపలికి వెళ్ళిపోయాడు. మొక్కల పేర్లున్న బోర్డులన్నీ రంగు వేయడానికి పీకి షెడ్డు పక్కన పేర్చి ఉన్నాయి. పుల్లమ్మతో సహా ఆడవాళ్ళు తలా ఒక సాలు పట్టారు. వాళ్ళ లెక్కలో మిరప మొక్క కానిదంతా కలుపే. ఈ మడుల నిండా ఉన్నవి నేల ఉసిరి, గుంటగలగర, తెల్ల గలిజేరు... ఊహ తెలిసినప్పటి నుంచీ పీకి గట్టు మీద పారేస్తున్నవే. ఇక్కడ వాటికే మడులు కట్టి నీళ్ళు పెడుతున్నారని వాళ్ళకెవరూ చెప్పలేదు.

"అత్తా, ఆగు. అది కలుపు కాదు. నేల ఉసిరి. కావాలని వేశారు."

పుల్లమ్మ ఆకు తిరగేసి చూసింది. "నేల ఉసిరే. ఏసుబాబుకి కామెర్లొస్తే నూరి పోశా. మన చేలో గంపలకొద్దీ పీకి పారెయ్యలా? దీన్ని పనిగట్టుకుని ఎవరేస్తారే?"

"వీళ్ళ కాలేజీలో కలుపుకి గూడా పరీక్ష పెట్టారంట," అంది పక్క సాలులోంచి సుబ్బరావమ్మ. అందరూ నవ్వారు.

స్తుతి లేచి, నీడన ఫోను చూసుకుంటున్న మొగుడి దగ్గరికి వెళ్ళింది. "ఏవండీ, ఒక్కసారి ఆ సారుని అడగండి. ఇవి మందుమొక్కలే."

"పదేళ్ళ నుంచి కలుపు తీయిస్తున్నా. నువ్వొచ్చి నాకు చెప్తావా, ఇంతమంది ముందు? పో, సాలు పట్టు."

సారు గది నలభై అడుగులు కూడా లేదు. వెళ్ళి తనే అడగొచ్చు. కానీ కిందటేడు పురుగుమందుల కొట్లో, డబ్బా మీద రాసింది చదివి, మోతాదు ఎక్కువవుతోందని ఒక్క మాట అన్నందుకు అతను పదకొండు రోజులు ఆమె వండింది ముట్టలేదు. "మగాడి నోట్లో మాట లాక్కుంటే ఇల్లు నిలబడుద్దా?" అని పుల్లమ్మ ఆ పదకొండు రోజులూ అంటూనే ఉంది. పన్నెండో రోజు తప్పు తనదేనని ఒప్పుకుంటే గాని ఇల్లు కుదుటపడలేదు. స్తుతి తిరిగొచ్చి సాలులో కూర్చుంది. రికార్డులో తను దిద్ది దిద్ది వేసిన గుంటగలగరని, తెల్ల పూలతో సహా, తన చేత్తోనే పీకింది.

మధ్యాహ్నానికి నాలుగు మడులు నున్నగా అయ్యాయి. నాగేంద్రబాబు వచ్చి మడులూ, గట్టు మీది కుప్పా చూశాడు. "ఎవరు తియ్యమన్నారు?"

ఏసుబాబు చేతులు కట్టుకున్నాడు. "మా ఆవిడ సార్. బోటనీ చదివింది. దానికి తెలుసు గదా అని వీళ్ళంతా దాని మాట విన్నారు."

స్తుతి అత్త వైపు చూసింది. పుల్లమ్మ తల దించుకుంది. సుబ్బరావమ్మ గోళ్ళలో మట్టి తీసుకుంటోంది.

నాగేంద్రబాబు రిజిస్టరు తెరిచాడు. "పైవాళ్ళకి నేను జవాబు చెప్పాలి. పేరు?"

"ఏసుబాబు భార్య అని రాయండి సార్, సరిపోద్ది. ఇంకెప్పుడూ తీసుకురాను."

ఆ మాటతో పాటు అతను చిన్నగా నవ్వాడు. ఇప్పుడు నోరు తెరిస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ముఠాకి పనులు పోవచ్చు. ఇంట్లో ఈసారి పదకొండు రోజులతో పోదు.

"స్తుతి," అంది. "బీయస్సీ బోటనీ. నేనూ పీకాను, అది కూడా రాయండి. పీకొద్దని పొద్దున్నే ఈయనకి చెప్పాను. పీకమన్నది ఈయనే."

పెన్ను కాగితం మీద కదులుతున్న చప్పుడు వినిపించింది. "కడుపు కొట్టావు గదే," అని పుల్లమ్మ గొణిగింది. ఏసుబాబు గేటు దగ్గర బండి స్టార్ట్ చేశాడు. "ఎక్కు. ఇంటికి పద, చెప్తా."

స్తుతి గట్టు మీది కుప్ప దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఆకులు అప్పుడే వేలాడిపోయాయి. తిరిగి నాటినా సగం బతకవు. గుంటగలగర ఒకవైపు, గలిజేరు ఒకవైపు వేరు చేస్తూ, "మీరు వెళ్ళండి," అంది తలెత్తకుండా. "నాకిక్కడ పనుంది."