అంచు కుట్టని బొంత

కాజాలక్క ఆఖరుగా మిగిలిన నల్లకోటు ముక్కను బొంతలో పాదాల వైపు పెట్టి, దాని పక్కన మందపాటి గోధుమరంగు ముక్కను ఆనించి, రెండింటి అంచులూ కలిపి సూది దించింది. సూది దిగలేదు. కోటుగుడ్డ అంతే, మొండిది. నడిమివేలికి తొడుక్కున్న ఇత్తడి టోపీతో సూది వెనక గట్టిగా నొక్కితే అప్పుడు దిగింది. తెల్లవారి ఎంతోసేపు కాలేదు. కిటికీలోంచి వచ్చే వెలుతురు నేల మీద పరిచిన బొంతలో సగందాకా వచ్చి ఆగిపోయింది. వెలుతురు ఉన్నవైపు ఆమె కుడుతోంది. లేనివైపు, మంచం మీద, వదిన పడుకుని ఉంది.

"ఏం చేస్తున్నావే పిల్లా?" అంది వదిన. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆమె మాటలు ఒకదాని మీద ఒకటి ఒరిగిపోతున్నాయి. కాజాలక్కకు తప్ప ఎవరికీ సరిగా అర్థం కావు.

"కుడుతున్నా."

"కళ్లు పోతాయి."

"పోతే పోనీ. ఇంకా ఏం చూడాలి కనక?"

వదిన నవ్విందో దగ్గిందో తెలియలేదు.

పిల్లా అని పిలిచే మనిషి ఈ లోకంలో ఆమెకు వదిన ఒక్కతే మిగిలింది. వీధిలో అందరికీ ఆమె కాజాలక్క. చొక్కాకు బొత్తం దూరే చీలిక చుట్టూ దారం అల్లి కాజా కుట్టడమే ఆమె ఎరిగిన పని. పడుచుతనంలో, మొగుడు ఇంకొకామెను తెచ్చి ఇంట్లో పెట్టుకున్న రోజున, చేతిలో ఒక సంచీతో వచ్చి అన్నయ్య గుమ్మంలో నిలబడింది. అన్నయ్య టైలరు. ఏమైందని అడగలేదు. మిషను మీంచి సగం కుట్టిన చొక్కా తీసి చేతికిచ్చి, "కాజాలు కుట్టు" అన్నాడు. ఆ పూట తల దించి మొదలుపెట్టిన పని, ఆ తల నెరిసినా ఆగలేదు.

కత్తెర కింద రాలిన ముక్కలను ఊడ్చి పారెయ్యడానికి ఆమెకు ఎప్పుడూ చెయ్యాడేది కాదు. ఇంటికి తెచ్చి, ఉతికి, చేత్తో సాపు చేసి, రంగుల వారీగా రేకుపెట్టెలో పెట్టేది. కాజాలక్క పెట్టెలో ఊరు ఊరంతా ఉందని వీధిలో నవ్వుకునేవారు. బడికెళ్లే పిల్లల నీలం గుడ్డ, బస్సు కండక్టరు ఖాకీ, పెళ్లికొడుకుల కోట్ల లోపలి పట్టు, అన్నీ అందులో ఉన్నాయి. "మా ఆయన ప్యాంటు ముక్క నీ పెట్టెలో ఎందుకు దాచుకున్నావే?" అని పక్కింటావిడ ఏడిపించేది. "నీ మొగుడు వద్దుగాని గుడ్డ మంచిదమ్మా" అనేది కాజాలక్క. ఎప్పటికైనా బొంత కుట్టాలనుకునేది. ఎవరికో మాత్రం అనుకోలేదు.

వదినకూ ఆమెకూ మొదటి నుంచీ పడేది కాదు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. "ఉన్న మొగుడే నాకు ఎక్కువ, మళ్లీ ఈ సగం ఒకటా?" అని వదిన ఇరుగుపొరుగుతో అనేది. అన్నయ్య బతికినంతకాలం ఇద్దరి మధ్యా గోడలా నిలబడ్డాడు. అతను పోయాక కొన్నేళ్లు ఒకే వంటింట్లో రెండు పొయ్యిలు వెలిగాయి. ఉప్పు నిండుకుంటే పక్కింటికి వెళ్లి అడిగేవారు గాని, రెండో పొయ్యి దగ్గరున్న డబ్బా మూత తీసేవారు కాదు. వదిన ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేసి, పని మానేసి ఇంటికి వచ్చిన కొత్తలో స్నానాల గదిలో కూలబడిపోయింది. కాజాలక్క పరుగెత్తి వెళ్లి, తడి ఒంటిని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. ఆనాటి నుంచి పొయ్యి ఒకటే అయింది. సంధి మాటలేమీ జరగలేదు. వదిన కుడిచెయ్యి, కుడికాలు మాత్రం తిరిగి రాలేదు.

వదినకు ఎప్పుడూ చలే. ఎండలు మండుతున్నా ఆమె పాదాలు కుండలా చల్లగా ఉంటాయి. అందుకే బొంతలో కోటుగుడ్డలన్నీ కాళ్ల వైపు వేసింది కాజాలక్క. గడ్డం దగ్గరకు వచ్చేసరికి మెత్తటి నూలు. ఎడమ పక్క మాత్రం రకరకాల గుడ్డలు చేర్చింది. గరుకువి, నున్ననివి, చారలు చేతికి తగిలేవి. వదినకు ప్రాణమున్న చెయ్యి అదొక్కటే. పగలంతా పడుకుని దేన్నో ఒకదాన్ని తడుముకుంటూ ఉంటుంది.

పోయిన వారం ఫోను రాకపోతే ఇంత తొందర ఉండేది కాదు. "ఎలాగో ఆయన్ని ఒప్పించా అత్తా. వచ్చే వారం అమ్మని తీసుకెళ్తా" అంది మేనకోడలు. వదిన పనికి వెళ్తే ఆ పిల్లను ఎత్తుకుని తిరిగింది, స్నానం చేయించింది, జడ వేసింది కాజాలక్కే. ఫోను పెట్టేశాక ఆ మాటను, చొక్కాను తిరగేసి కుట్లు చూసినట్టు, ఎన్నిసార్లో తిరగేసి చూసుకుంది. అమ్మని అందా, మిమ్మల్ని అందా? ఫోనులో గరగరమంది, సరిగా వినపడలేదేమో. అలా అనుకుంటూనే తన బట్టలు ఉతికి, ఆరేసి, మడతపెట్టి, ఒక సంచీలో సర్ది మంచం కిందికి తోసింది. ఎందుకని తనను తాను అడగలేదు.

వదినకు పాలలో రొట్టె నానబెట్టి తినిపించి, మూతి తుడిచి, పక్కింటావిడను ఒకసారి తొంగిచూడమని చెప్పి, బొంత చుట్ట చంకన పెట్టుకుని దుకాణానికి వెళ్లింది.

దుకాణం వీధి చివర. ఇప్పుడు అది అన్నయ్య శిష్యుడిది, వీధికి అతనే టైలరు మాస్టరు. కాజాల మిషను కూడా వచ్చింది. మనం తుమ్మేలోపు చొక్కా మొత్తానికి కాజాలు వేసి పడేస్తుంది. మూలన ఉన్న ముక్కాలిపీట మీద కాజాలక్కను కూర్చోనిస్తున్నాడంటే అది గురువు మీది గౌరవం. చేతి కాజాలే కావాలనే ముసలి వకీలు ఒకాయన ఉన్నాడు. ఆయన కోటు ఒకటి వచ్చి ఉంది. ఆ పూటకు అదే పని. కళ్లకు దగ్గరగా పెట్టుకుని, దారం ముడి మీద ముడి వేస్తూ, నిదానంగా కుట్టింది. ఒకప్పుడు కబుర్లు చెబుతూ చూడకుండా కుట్టేది.

"ఏంటక్కా, ఇవాళ ఇస్త్రీ బట్టల్లో ఉన్నావు? ఊరికా?" అన్నాడు మాస్టరు మిషను ఆపకుండానే.

"ఏమో తమ్ముడూ. సాయంత్రం పిల్ల వస్తోంది. వాళ్లమ్మని తీసుకెళ్లడానికి."

"మరి నువ్వు?"

"పిలిస్తే వెళ్తా." అనేశాక నోరు జారిందనిపించింది. తల ఇంకా కిందికి వంచింది.

మిషను కాసేపు ఆగి, మళ్లీ మొదలైంది.

కోటు అయ్యాక బొంత విప్పి ఒళ్లో వేసుకుంది. ముక్కలన్నీ కలిసిపోయాయి, లోపలి పాత దుప్పట్లూ కింది గుడ్డా కూడా చేరిపోయాయి, చుట్టూ అంచు ఒక్కటే మిగిలింది. అంచుకు కూడా ముక్కలే అతుకుదామని చారల పీలికలు ఏరుతుంటే మాస్టరు లేచి వచ్చాడు.

"అంచుకి అతుకులు వద్దక్కా. లోపల ఎన్ని అతుకులైనా ఉండనీ, అంచంతా ఒకే గుడ్డ ఉండాలి. లేకపోతే నాలుగు ఉతుకులకే విచ్చుకుపోద్ది. మీ అన్నయ్యే చెప్పేవాడు." కొత్త మెరూన్ గుడ్డ తాను విప్పి, పొడుగ్గా పట్టీలు కత్తిరించి ఆమె ఒళ్లో పడేశాడు.

"కొత్తది ఎందుకు తమ్ముడూ?"

"ఉండనీ. ఇంటికి పో, కుట్టుకో. ఇవాళ ఇంక పనేం లేదు."

ఇవాళే కాదు, రేపూ లేదని ఇద్దరికీ తెలుసు.

ఇంటికి వచ్చి అంచులో ఒక వైపు మొదలుపెట్టిందో లేదో, గుమ్మం ముందు కారు ఆగింది. సాయంత్రమన్న పిల్ల మధ్యాహ్నానికే వచ్చేసింది. పిల్ల అంటే పిల్లేం కాదు, చెంపలు నెరిశాయి, మోకాళ్ల నొప్పితో ఒక్కో మెట్టూ పట్టుకుని ఎక్కుతోంది. వస్తూనే "అత్తా" అని భుజం మీద తల ఆనించింది. కాజాలక్క ఆ తలను ఒక్కసారి నిమిరింది.

"చీకటి పడకముందే చేరాలి అత్తా. డ్రైవరు తొందరపెడుతున్నాడు."

మందులు, బట్టలు, రబ్బరుగుడ్డ, అన్నీ గబగబా సర్దింది. సర్దుతూ మాట్లాడుతూనే ఉంది. "చాలా చాకిరీ చేశావు అత్తా. నాకు తోడబుట్టినవాళ్లున్నా ఇంత చేసేవాళ్లు కాదు. ఇకనైనా కడుపులో చల్ల కదలకుండా కూర్చో."

"అక్కడ ఎక్కడ పడుకోబెడతావు?" అంది కాజాలక్క.

"మా అత్తగారి గదిలోనే. ఆవిడ మంచం ఒక పక్కకి జరిపించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇంట్లో చీపురు పెట్టడానికి కూడా చోటు లేదు. ఇంకొక మంచమంటే..." మేనకోడలు చేతిలోని గుడ్డను మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది. "అత్తా, నేను..."

"నాకెందుకే? నాకు దుకాణం లేదూ?" అంది కాజాలక్క. తొందరగా అంది. పిల్ల ఆ మాట పూర్తిచెయ్యాల్సిన అవసరం రానివ్వలేదు. మంచం కింద సంచీ కొస బయటికి కనిపిస్తుంటే మడమతో లోపలికి నెట్టింది.

మేనకోడలి ముఖం తేలికపడింది. కాజాలక్క అది చూసింది.

"ఇది కూడా పెట్టు" అంటూ బొంత అందించింది. "అంచు ఒక్కటే మిగిలింది. ఒక్క కాస్సేపు కూర్చుంటే..."

"రగ్గులున్నాయి అత్తా అక్కడ" అంది మేనకోడలు నొచ్చుకుంటూ.

"ఇటు తే" అంది మంచం మీంచి వదిన.

కాజాలక్క బొంతను ఆమె మీద పరిచింది. కోటుగుడ్డల బరువు పాదాల మీద పడగానే వదిన కళ్లు మూసుకుంది. ఎడమచెయ్యి మెల్లగా కదిలింది. ఖాకీ మీదుగా, చారల మీదుగా, నున్నటి పట్టు మీదుగా పోయి, తెల్లపూల పసుపు ముక్క దగ్గర ఆగింది. వేళ్లు దాన్ని పట్టుకుని నలిపి చూశాయి. వదిన కళ్లు తెరిచింది.

"ఇది నేను చింపిన గౌను."

ఆ రోజుల్లో పిల్ల కాజాలక్క పక్కనే పడుకునేది. ఒక సాయంత్రం వదిన పని నుంచి వచ్చేసరికి, అత్త ఒళ్లో సగం నిద్రలో ఉన్న పిల్ల ఆమె మెడ చుట్టూ చేతులు వేసి "అమ్మా" అంది. చెప్పులు విడుస్తున్న వదిన విన్నది. లోపలికి వచ్చి పిల్ల చెంప మీద కొట్టింది, గౌను పట్టుకుని ఒళ్లోంచి లాగింది. భుజం దగ్గర్నుంచి నడుందాకా పర్రున చిరిగింది. ఆ తర్వాత పిల్ల మళ్లీ అత్త పక్కలోకి రాలేదు. రానివ్వలేదు. ఆ సంగతి ఈ ఇంట్లో అప్పటి నుంచి ఎవరూ ఎత్తలేదు. ఆ ముక్కను వదిన చేతికందే చోట కుట్టినప్పుడు, తగలాలని కుట్టిందో, తగలకూడదని దేవుళ్లకు మొక్కుకుంటూ కుట్టిందో కాజాలక్కకే తెలియదు.

"చెత్తలో వేశాను కదే."

"తీశాను."

వదిన చెయ్యి ఆ ముక్క మీదే ఉండిపోయింది.

"ఏమంటోంది?" అంది మేనకోడలు.

"నీ చిన్నప్పటి గౌను అంటోంది."

"అవునా?" ఆమె వంగి చూసి నవ్వింది. "నాకసలు గుర్తే లేదు."

బయట హారన్ మోగింది. వదిన కాజాలక్క వైపే చూస్తూ, మాటలను ఒక్కొక్కటిగా కూడగట్టుకుని అంది: "దీన్ని అక్కడికి పంపకు. గుమ్మం ముందు పరుస్తారు. నువ్వే కప్పుకో."

"ఏమంటోంది అత్తా?"

"ఉక్కపోస్తుందట. వద్దంటోంది" అంది కాజాలక్క. బొంత తీసి మడతపెట్టింది.

డ్రైవరు, మేనకోడలు కలిసి వదినను మోసుకెళ్లి వెనక సీట్లో కూర్చోబెట్టారు. పడిపోకుండా కాజాలక్క దిండు దోపి, ప్రాణం లేని చేతిని తీసి ఒళ్లో పెట్టింది. ఆ చెయ్యి బరువు ఆమె చేతులకు బాగా తెలుసు. వెళ్లొస్తానని వదిన అనలేదు. "పొయ్యి ఆపావా?" అంది. ఆపానంది కాజాలక్క. మేనకోడలు అద్దంలోంచి చెయ్యి ఊపింది. కారు వీధి మలుపు తిరిగింది.

అప్పుడు గుర్తొచ్చింది. వదిన నీళ్లంటే ఈలు అన్నట్టు వినపడుతుంది. నొప్పి అంటే ఓపీ అంటుంది. అది చెప్పనేలేదు. "ఈలు" అని అడిగితే అక్కడ ఎవరికి తెలుస్తుంది? మలుపు దాకా చెప్పులు లేకుండా పరుగెత్తింది. మలుపు అవతల రోడ్డు నిండా బళ్లు. ఏ కారో తెలియలేదు. తిరిగొచ్చి ఫోను చేసింది. గంట మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఎవరూ తీయలేదు.

లోపలికి వచ్చి బొంత ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. నోట్లో తడిచేసి, నలిపి, మళ్లీ ప్రయత్నించింది. మెరూన్ పట్టీ సగం కుట్టి, సగం జారి నేల మీద పడి ఉంది. వంటింట్లోకి వెళ్లి, అలవాటుగా పాలగిన్నె అందుకుని, మళ్లీ అక్కడే పెట్టేసింది. ఇల్లు ఇంత పెద్దదని ఆమెకు ఎప్పుడూ తెలియదు.

వెలుతురు కిటికీ దాటి వెళ్లిపోతుంటే వచ్చి తన మంచం మీద కూర్చుంది. రెండు మంచాల మధ్య ఒక గుడ్డపీలిక వేలాడుతోంది. రాత్రిళ్లు పిలవడానికి వదినకు గొంతు పెగలదని, అవసరమైతే లాగమని తానే కట్టింది. ఒక కొస వదిన మంచం పట్టెకు ముడివేసి ఉంది. లాగి లాగి పీలిక మధ్యలో దారమంత సన్నబడింది. మణికట్టుకు తగిలించుకునే రెండో కొస, ఆమె పక్క మీద, చెయ్యి పట్టేంత గుండ్రంగా తెరుచుకుని ఉంది.