అల్లుడు తెచ్చిన ఫిల్టర్లు

ఆదివారం తొమ్మిదయ్యేలోపు మేస్త్రి తన షెడ్డులో ఉన్న ఒకే ఒక్క మంచి కుర్చీని రెండుసార్లు తుడిచేవాడు. ఒకసారి పొడిగుడ్డతో, ఒకసారి తడిగుడ్డతో. ఆ కుర్చీలో తను కూర్చోడు, వచ్చినవాళ్లను కూర్చోనివ్వడు. పొరపాటున ఎవరైనా దానిమీద చెయ్యి వేస్తే ఆ చేతివైపు అదోలా చూస్తాడు. అది అల్లుడి కుర్చీ.

అల్లుడు పళ్ల డాక్టరు. మేస్త్రి పాత మోటారు సైకిళ్లకు డాక్టరు. కార్బురేటరున్న బండి ఎంత మొండిదైనా ఆయన చేతికి లొంగుతుంది. ఆయన నోటికి మాత్రం మనుషులెవరూ ఆగలేరు. బండిని సరిగా చూసుకోనివాడు దొరికితే వాడి ఏడు తరాలనూ వరసగా పలకరిస్తాడు. తిట్లు తిన్నవాళ్లే మళ్లీ మళ్లీ వస్తారు, నవ్వుకుంటూ వస్తారు. అదేం విచిత్రమో వాళ్లనే అడగాలి.

పెళ్లైన కొత్తలో అల్లుడు మామగారికని తళతళలాడే స్పానర్ల పెట్టె ఒకటి తెచ్చాడు. మేస్త్రి అందులోంచి ఒకటి తీసి, నట్టుకు తగిలించి, ఒక్క తిప్పు తిప్పి చూశాడు.

"ఇవి బొమ్మల కొట్లో కొన్నావా? నట్టు కదల్లేదు, స్పానరు వంగింది."

అల్లుడు నవ్వాడు. మేస్త్రి భార్యకు మాత్రం నవ్వు రాలేదు. కొత్త అల్లుడితో మాట్లాడే మాటేనా అది అని ఆ పూట మొగుణ్ణి ఉతికి ఆరేసింది. మేస్త్రికి నిజంగానే బెంగ పట్టుకుంది. మరుసటి వారానికల్లా షెడ్డులోకి కుర్చీ వచ్చింది, నోట్లోకి 'అల్లుడుగారూ' వచ్చింది. అంత మర్యాద చేసినా ఏం లాభం? అల్లుడు రెండు మూడుసార్లు వచ్చి, ఆ కుర్చీ అంచున కూర్చుని, వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏడాదిన్నర షెడ్డు గుమ్మం తొక్కలేదు. ఇంటికొస్తే హాల్లోనే అత్తగారితో కబుర్లు చెప్పి పోయేవాడు. మేస్త్రికి అల్లుడంటే చెప్పలేనంత ఇష్టం. చెప్పలేనంత అంటే నిజంగానే ఎవరితోనూ చెప్పలేదు. ఒక్క మాట తూలి బంగారంలాంటి పిల్లాణ్ణి దూరం చేసుకున్నానని లోలోపలే కుమిలిపోయాడు.

అలాంటిది, నాలుగు వారాల కిందట అల్లుడు తనంతట తనే మళ్లీ షెడ్డులోకి వచ్చాడు. చేతిలో ఒక అట్టపెట్టె. అందులో ఎర్రటి నూలు జాలీ ఉన్న రెండు కొత్త ఎయిర్ ఫిల్టర్లు.

"మీ బండికి, మావయ్యా. దుమ్ము తిని తిని రెండేళ్లకోసారి ఇంజను విప్పాల్సొస్తోందని అత్తయ్య చెప్పింది."

మేస్త్రి సొంత బండి వయసులో కూతురికన్నా పెద్దది. రెండు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు. ఒక్కో కార్బురేటరు మూతికి ఒక్కో బెల్‌మౌత్. అంటే చివర పువ్వులా విచ్చుకున్న చిన్న గొట్టం. ఆ అంచు వంపు సరిగా కుదిరితే గాలి తడబడకుండా నున్నగా లోపలికి జారుతుంది. మేస్త్రి వాటిని లేతు మిషను మీద తనే తిప్పుకున్నాడు, తనే మెరుగు పెట్టుకున్నాడు. ఆయన భార్య వాటిని బాకాలంటుంది. బాకాలు అందంగానే ఉంటాయి కానీ దుమ్మును ఆపవు. ఫిల్టర్లు కావాలన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం.

చిక్కల్లా ఈ ఫిల్టర్ల మెడ దగ్గరుంది. రబ్బరు మెడ లోపల ఒక పెదవిలాంటి అంచు ఉంది. తగిలించగానే అది కార్బురేటరు మూతిలోని రెండు సన్నటి గాలి బెజ్జాలను మూసేసింది. బెజ్జాలు మూసుకుంటే గాలి చాలదు, పెట్రోలు ఎక్కువవుతుంది, ఇంజను ఉక్కిరిబిక్కిరవుతుంది. ఈ సంగతి మేస్త్రికి మొదటిరోజే తెలిసింది. సుద్దముక్క తీసుకుని కోయాల్సిన చోట గీత కూడా గీశాడు. కత్తి పట్టుకునేసరికి చెయ్యి రాలేదు. వెళ్లక వెళ్లక ఊరి చివరి దుకాణం దాకా వెళ్లి తెచ్చాడట కుర్రాడు. దాన్ని కోస్తే, బాగోలేదని మొహం మీద చెప్పినట్టే కదా!

తర్వాతి ఆదివారం అల్లుడు వచ్చి, ఎలా ఉన్నాయి మావయ్యా అని అడిగాడు.

"అద్భుతం అల్లుడుగారూ. కూర్చోండి, కూర్చోండి."

ఇక ఆ అద్భుతాన్ని నిలబెట్టడానికి మేస్త్రికి తలప్రాణం తోకకొచ్చింది. పెట్రోలు కొలిచి వదిలే జెట్లు మార్చాడు. కార్బురేటర్ల సూదులు దించాడు. ప్లగ్గులు బొగ్గులవుతుంటే రోజూ గీకాడు. వారమంతా విప్పేసి శనివారం తగిలిద్దామా అని కూడా ఆలోచించాడు. దొంగబుద్ధి అనిపించి మానుకున్నాడు.

ఇంతలో పెళ్లిరోజు దగ్గరపడింది. ఏటా ఆ రోజు మేస్త్రి భార్యను వెనక కూర్చోబెట్టుకుని కొండమీది నీళ్ల ట్యాంకు దాకా వెళ్తాడు. ఇది నలభయ్యోసారి. పైగా ఈసారి కూతురూ అల్లుడూ స్కూటరు మీద వెనకాలే వస్తామన్నారు. కాబట్టి ఫిల్టర్లు విప్పే వీల్లేదు. గురువారం ఒకసారి కొండ ఎక్కించి చూద్దామని భార్యతో బయల్దేరాడు. మూడో మలుపులో బండి నాలుగుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆవిడ దిగి, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, వెనకనుంచి తోసింది.

"నలభై ఏళ్లకు నన్ను నడిపించారు," అంది రొప్పుతూ. "ఆ బాకాలే పెట్టుకోండి. అల్లుడికి నేను చెప్తాను."

"చెప్పావంటే ఊరుకోను. మళ్లీ రావడం మానేస్తే?"

"అయితే ఏం చేద్దామంటారు?"

"ఈసారికి బస్సులో పోదాం."

ఆవిడ తోయడం ఆపేసింది.

"బస్సులోనా? మీ నడుం పట్టుకోకుండా కొండెక్కి నేనేం చూడాలి, నీళ్ల ట్యాంకునా?"

ఆదివారం వచ్చింది. సాయంత్రం నాలుగింటికి ప్రయాణం. పొద్దున్నే మేస్త్రి కుర్చీ తుడిచాడు, మామూలుకన్నా ఒకసారి ఎక్కువే తుడిచాడు. అల్లుడు వచ్చాడు కానీ కూర్చోలేదు.

"ఒకసారి స్టార్టు చెయ్యండి మావయ్యా."

మేస్త్రి కిక్కు కొట్టాడు. బండి దగ్గింది, నల్లటి పొగ కక్కింది, ఆగింది.

"పెట్రోలు మంచిది కాదు," అన్నాడు మేస్త్రి. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే పొగ. "ప్లగ్గులు పాతవి." మూడోసారి అసలు అంటుకోనే లేదు. మేస్త్రి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నేలచూపులు చూశాడు. "వయసైపోయింది అల్లుడుగారూ. చేతిలో పదును తగ్గింది."

అల్లుడు స్కూటరు దగ్గరికి వెళ్లి తన సంచీ తెచ్చాడు. అందులోంచి పుల్లకు బిగించిన చిన్న గుండ్రటి అద్దం తీశాడు, రోగుల నోట్లో పెట్టి చూసేది.

"అయ్యయ్యో, చొక్కా పాడవుతుంది, కుర్చీలో..."

అల్లుడు అప్పటికే జిడ్డునేల మీద మోకాళ్లు ఆన్చేశాడు. ఎడమవైపు ఫిల్టరు విప్పి, కార్బురేటరు మూతిలోకి అద్దం పోనిచ్చి, టార్చి వేసి చూశాడు.

"ఇక్కడ రెండు బెజ్జాలున్నాయి. ఇవి దేనికి?"

మేస్త్రి నీళ్లు నమిలాడు. "గాలికి."

"నా ఫిల్టరు వీటిని మూసేస్తోంది."

"అబ్బే, ఏదో కొంచెం."

అల్లుడు ఫిల్టరు మెడలోకి అద్దం తిప్పాడు.

"లోపల సుద్దగీత ఉంది మావయ్యా. కోయాల్సిన చోట. మీకు ముందే తెలుసు."

మేస్త్రికి ఇక దాక్కోవడానికి చోటు లేదు. "మీరు బాధపడతారని," అన్నాడు. "ఆ స్పానర్లప్పుడు ఒక్క మాటన్నందుకు ఏడాదిన్నర రాలేదు. మళ్లీ..."

"స్పానర్లా?" అల్లుడు అద్దం కిందికి దించాడు. "ఆ మాట క్లినిక్‌లో అందరికీ చెప్పి నవ్వుకున్నాను నేను. ఇక్కడికొచ్చిన ప్రతివాణ్ణీ తిడతారు. మీ అమ్మాయిని తిడతారు. ఆ రోజు నన్నూ తిట్టారు కదా, హమ్మయ్య, నేనూ వీళ్లలో ఒకణ్ణే అనుకున్నాను. మరుసటి వారానికి ఆ కుర్చీ వచ్చింది, గారు వచ్చింది. నా దగ్గరికి వచ్చేవాళ్లు నా కుర్చీలో ఎలా కూర్చుంటారో తెలుసా మావయ్యా? ఎప్పుడు లేచి పారిపోదామా అని. నేనూ ఇందులో అలాగే కూర్చునేవాణ్ణి."

మేస్త్రి కళ్లు తుడుచుకున్నాడు. చేతిలో ఉన్నది జిడ్డుగుడ్డ అని గుర్తులేదు. ముక్కు పక్కన నల్లటి చార పడింది.

అల్లుడు బల్లమీది కత్తి అందుకుని, ఫిల్టరు మెడలో గీత వెంబడి కోయడం మొదలుపెట్టాడు. కోత వంకర పోయింది. మేస్త్రి ఒకసారి ఓర్చుకున్నాడు. రెండోసారి పళ్లు బిగపట్టాడు. మూడోసారి ఆయనవల్ల కాలేదు.

"ఒరేయ్, అదేం కోతరా! పళ్లు కూడా ఇలాగే పీకుతావా? నీ దగ్గరికొచ్చిన జనం ఎలా బతికున్నార్రా?"

అనేసి, నాలిక కరుచుకున్నాడు. అల్లుడి మొహం చూస్తే వెలిగిపోతోంది.

"గీత సరిగా కనపడ్డంలేదు మావయ్యా."

"కళ్లు పెట్టుకుని చూస్తే కనపడుతుంది. ఇటివ్వు. ఆ టార్చి పట్టుకో. ఊపకు!"

గుమ్మంలో మంచినీళ్ల చెంబుతో నిలబడ్డ మేస్త్రి భార్య చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్లిపోయింది.

బెల్‌మౌతులు ఎందుకు వదులుకోవాలి, ఫిల్టరు లోపలే పెడితే పోలేదా అన్నది అల్లుడి సలహా. పొడుగువి పెడితే ఫిల్టరు వెనక గోడకు కొట్టుకుంటాయి, గాలి ఎక్కణ్ణించి వస్తుందిరా అని మేస్త్రి దానికి కూడా తిట్టాడు. తిడుతూనే సొరుగు వెతికి, ఎప్పుడో లేతు మీద తిప్పి పారేసిన కురచ బాకాల జత బయటికి తీశాడు. రబ్బరు మెడను వేణ్ణీళ్లలో నానబెట్టి, బెల్‌మౌత్ అంచు మీదుగా లాగి, వెనక క్లిప్పు బిగించారు. గాలి బెజ్జాలు రెండూ తేటగా ఉన్నాయి. పాత జెట్లకన్నా ఒక్క నంబరు చిన్నవి వేశారు. రెండో కిక్కుకే బండి అందుకుని, నిమ్మళంగా ఊపిరి తీసుకుంటూ నిలబడింది.

నాలుగింటికి బయల్దేరారు. మూడో మలుపు వచ్చినప్పుడు మేస్త్రి భార్య ఆయన నడుం కాస్త గట్టిగా పట్టుకుంది. మలుపు దాటాక కూడా వదల్లేదు. బండి దగ్గలేదు. ట్యాంకు దగ్గర ఆగి వెనక్కి చూస్తే స్కూటరు ఇంకా రెండు మలుపుల కింద ఉంది. చివరికి ఎగశ్వాసతో పైకి చేరింది.

"ఏంట్రా ఆ చప్పుడు?" అన్నాడు మేస్త్రి. "దాని ఫిల్టరు ఎప్పుడు మార్చావు?"

"మార్చాలా మావయ్యా?"

"సిగ్గులేదూ అడగడానికి? రేపు క్లినిక్‌కి ముందు షెడ్డుకి తీసుకురా."

మర్నాడు ఏడింటికి అల్లుడు స్కూటరు తోసుకుంటూ వచ్చేసరికి కుర్చీ నిండా నూనె డబ్బాలున్నాయి. అల్లుడు వాటివైపు ఒకసారి చూసి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, మేస్త్రి పక్కన నేలమీద కూర్చున్నాడు.