అరిచేవాళ్లు ఆగాలి

కూలిన గోడలా పడేసిన ఇటుకల మధ్య, ఒంటినిండా ఎర్రరంగు పూసుకుని, గాయపడ్డట్టు నటిస్తూ మా అత్తయ్య గావుకేకలు పెడుతోంది. భూకంప సహాయక బృందానికి నర్సులను ఎంచుకునే ఆఖరి పరీక్ష అది. తప్పితే నాకు చోటు లేనట్టే.

"ఏమే, సొంత అత్తనే వదిలేసి పోతావా?"

"అరిచే ఓపికుందిగా అత్తయ్యా, కాసేపాగండి!" ఆగగలదని గుర్తుగా ఆమె చేతికి ఆకుపచ్చ పట్టీ కట్టి ముందుకు ఉరికాను.

మూలన రేకు కింద ఒకాయన ఉలుకూ పలుకూ లేకుండా పడున్నాడు. దవడ ముందుకు నెట్టి ఊపిరికి దారి చేసి, అందరికన్నా ముందు మోసుకెళ్లాలని గుర్తుగా ఎర్ర పట్టీ కట్టాను.

"పాస్!" అంది శిక్షకురాలు. "అరవలేనివాళ్లనే ముందు చూడాలి."

అత్తయ్య పరుగున వచ్చి, రంగుతో సహా నన్ను వాటేసుకుంది. "నిన్ను పరీక్షించడానికి గొంతు చించుకోమన్నది మీ మేడమే! ఇంట్లో మాత్రం ఇలా వినకపోతే ఊరుకోను."