అక్క వైపు అద్దం

సమానం మేస్త్రికి ఆ పేరు ఎవరో పెట్టింది కాదు, ఆయనే పెట్టించుకున్నాడు. పాత కార్ల రేకుపని చేసే ఆయన షెడ్డులోకి ఎవరు అడుగుపెట్టినా కుర్చీ చూపించకముందే ఈ మాట వినిపించేవాడు: "నా చేతిలో పడ్డ బండి రెండు వైపులా సమానం. వెంట్రుకవాసి తేడా ఉందా, మీసం తీయించుకుంటా." ముప్పై ఏళ్లుగా ఆ మీసం క్షేమంగా ఉంది. అందుకు కారణం ఆయన పనితనం కొంత, రెండు వైపులా కొలిచి చూసినవాడు లేకపోవడం చాలా.

ఈసారి షెడ్డులో ఉన్నది ఆయన అక్క కారు. అంటే, పోయిన బావ కారు. టాపు నాలుగు వేళ్లు కిందికి దించితే కారు టోపీ కళ్ల మీదికి లాక్కున్న మనిషిలా దర్జాగా ఉంటుందని బావ ఎప్పుడూ అంటుండేవాడు. ముచ్చట ఉంది గానీ బావకు సుత్తి ఎటు పట్టుకోవాలో తెలియదని మేస్త్రి అభిప్రాయం. బతికుండగా ఆ ముక్క మొహం మీదే అనేవాడు. పోయాక మర్యాద కోసం కాస్త గొంతు తగ్గించి అంటున్నాడు. ఆ ముచ్చటే ఇప్పుడు తీర్చమంది అక్క, ఒకే ఒక్క షరతు మీద.

"ఏమైనా చేసుకోరా. నా వైపు అద్దం మాత్రం పూర్తిగా దిగాలి. కిటికీ మీద మోచెయ్యి ఆనించుకోకుండా నేనా కారెక్కను."

"అద్దం దింపడం కూడా ఓ పనేనా అక్కా!" అన్నాడు మేస్త్రి.

టాపు నిజంగానే బ్రహ్మాండంగా దిగింది. ఆ సంగతి మనం ఒప్పుకోవాలి, లేకపోతే ఆయనే ఒప్పిస్తాడు. టాపు దిగాక పాత అద్దాలు పనికిరావు కాబట్టి కొత్తవి కోయించాలి. డ్రైవరు వైపు కిటికీకి అట్టముక్క ఆనించి, అంచు గీసి, కత్తిరించి అచ్చు తీశాడు. అద్దాలు కోసేది సొంత బావమరిదే. అతను ఆ అట్ట అందుకుని, రెండోదాని కోసం చెయ్యి చాపాడు.

"రెండోదెందుకు? ఇదే తిరగేసి కొయ్యి."

"పాత బండి కదా బావా. అటు వైపు కూడా ఓసారి అట్ట పెట్టి చూద్దాం. ఎంతసేపు పడుతుంది?"

"ఏరా, నా చేతి మీదే అనుమానమా నీకు?"

అనుమానమే. కానీ ఇంట్లో తన అక్కతో, అంటే మేస్త్రి భార్యతో గానీ, షెడ్డులో మేస్త్రితో గానీ వాదించి గెలిచిన చరిత్ర అతనికి లేదు. అట్ట తిరగేసి రెండో అద్దం కోసి తెచ్చాడు.

డ్రైవరు వైపు అద్దం హ్యాండిల్ తిప్పగానే వెన్నలా దిగింది. మేస్త్రి దాన్ని పదే పదే ఎక్కించి దించి, చూసేవాళ్లెవరూ లేక బావమరిదికే చూపించాడు. అక్క వైపు అద్దం మాత్రం సగం దిగి మొండికేసింది. బలవంతంగా పైకి లాగితే వెనక మూల వేలెడు సందు మిగిలింది.

మేస్త్రి విచారణ మొదలుపెట్టాడు. ముందు అద్దం తప్పుగా కోశారన్నాడు. అట్ట మీద పెట్టి చూస్తే గీత తప్పలేదు. రబ్బరు మందంగా ఉందన్నాడు. రబ్బరు పీకేసినా అద్దం కదల్లేదు. షెడ్డు నేల ఎగుడుదిగుడన్నాడు. ఆఖరికి బావమరిది వంశంలోనే ఎవరికీ చూపు ఆనదన్నాడు. తన భార్య కూడా ఆ వంశమేనని గుర్తొచ్చి ఆ వాదన అక్కడితో ఆపేశాడు. తన చేతి మీదికి మాత్రం విచారణ రానివ్వలేదు.

సాయంత్రం అక్క వస్తుంది. తన పని వంకరని, అదీ బావ కారులో, అక్క ముందు తేలితే ఇక 'సమానం' అని ఎవరు పిలిచినా వెక్కిరించినట్టే ఉంటుంది.

అక్క వైపు కిటికీ కింది అంచు మీద పాత తోలు పట్టీ ఒకటుంది. ఎలాగూ చివర్లో మార్చేదేనని ఇన్నాళ్లూ దాన్ని ముట్టుకోలేదు. ఇప్పుడు ఊడబీకాడు. దాని కింద రేకు వెనక వైపు వేలెడు మేర పల్లమై ఉంది. నిండా సుత్తి దెబ్బలు. ఆ దెబ్బలకు లోపల అద్దం జారే గాడి కూడా వంగిపోయింది.

మేస్త్రి ముఖం వెలిగిపోయింది. "చూశావా! నేను కాదు, మా బావ! సుత్తి పట్టుకోవడం రాదని మొత్తుకుంటే ఒక్కరైనా విన్నారా?"

"ఇటు వైపు కూడా అట్ట పెట్టుంటే ముందే తెలిసేది బావా."

ఈ మాట మేస్త్రికి వినపడలేదు. అవసరానికి ఆయన చెవులు అలా సహకరిస్తాయి. ఆ పల్లాన్ని పైకి లేపి సమానం చేసేద్దామని సుత్తి ఎత్తాడు.

సరిగ్గా అప్పుడే అక్క వచ్చింది. ఊడిన తోలు చూసింది, సుత్తి చూసింది.

"ఒరేయ్, ఆగు! దాని జోలికెళ్లకు."

"వంకరక్కా. బావ ఎక్కడో గుద్ది..."

"గుద్దలేదు, కావాలనే కొట్టారు. నేను పొట్టిదాన్ని కదరా. మోచెయ్యి పైకెత్తి పెట్టుకుంటే భుజం లాగుతోందని ఒక్కసారి అన్నాను. అంతే, పొద్దున్నే కూర్చుని, వేలు నలగ్గొట్టుకుని మరీ కిందికి దించారు. నువ్వు చూస్తే నవ్వుతావని ఆ తోలు కప్పేశారు."

మేస్త్రి నవ్వుతాడనే భయంతో ఓ మనిషి తన మంచి పనిని ఇన్నేళ్లూ తోలు కింద దాచుకున్నాడు. దాన్నే తను ఇంకో నిమిషంలో చదును చేసేసేవాడు. సుత్తి కింద పెట్టాడు.

"అట్ట తీసుకురా," అన్నాడు బావమరిదితో, గొంతు సవరించుకుని. "పాత బండికి రెండు వైపులా కొలవాలని నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా."

బావమరిది కాదనలేదు.

ఆ పల్లాన్ని ముట్టుకోకుండా, లోపలి గాడిని మాత్రం సరిచేసి, దాని వంపుకే కొత్త అచ్చు తీశారు, కొత్త అద్దం కోశారు. అక్క మళ్లీ వచ్చేలోగా మేస్త్రి ఆ సీట్లో కూర్చుని మోచెయ్యి ఆనించి చూశాడు. కుదరలేదు. ముందుకు జరిగినా, వెనక్కి జరిగినా కుదరలేదు. తర్వాత అక్క వచ్చి కూర్చుంది, అద్దం పూర్తిగా దించింది. అటు చూడకుండానే పెట్టిన మోచెయ్యి ఆ పల్లంలో ఇట్టే ఒదిగిపోయింది. ఆమె కళ్లు తుడుచుకుని, స్టీరింగు ముందు కూర్చున్న మేస్త్రిని పోనివ్వమన్నట్టు రేకు మీద రెండుసార్లు తట్టింది.

మర్నాడు మేస్త్రి షెడ్డుకు మీసం లేకుండా వచ్చాడు. ఇదేమిటి బావా అని బావమరిది అడిగితే, ఉక్కపోతగా ఉందన్నాడు.