మెలకువ గది

సీఫన్ మూడో మంచం మీద దుప్పటి మడత సరిచేసి, కిటికీ తెర సగం దించింది. మత్తు దిగేవాళ్ల కళ్లకు వెలుతురు గుచ్చుకుంటుంది. థాఖేక్ పట్టణానికి ఎగువన, నది ఒడ్డునున్న ఆ చిన్న ఆసుపత్రి మెలకువ గదిలో ఆమె పనికి ఇది ఇరవయ్యారో సంవత్సరం. పొట్టి మనిషి. లేచేవాళ్లు గట్టిగా పట్టుకుని పట్టుకుని ఆమె కుడిచేతి చిటికెనవేలు కొంచెం వంకరపోయింది.

ఆమె పని ఒక్కటే, పిలవడం. ఆపరేషన్ మత్తులోంచి తేలేటప్పుడు చాలామంది భయపడి కేకలు పెట్టేవాళ్లు. సీఫన్ చెవి దగ్గర వంగి, జబ్బుపడ్డవాళ్ల ఇంట్లో పెద్దలు ప్రాణాలను పిలిచే మాటలే పలికేది.

"అడవిలో ఉంటే అడవిలోంచి రా. నీళ్లలో ఉంటే నీళ్లలోంచి రా. నీ ఇల్లు ఇక్కడుంది, రా."

తర్వాత, వచ్చిన ప్రాణం మళ్లీ పోకుండా మణికట్టుకు తెల్లదారం కట్టేది.

వారం కిందట కొత్త మత్తుమందు వచ్చింది. డాక్టర్ మణివన్ గుమ్మం దగ్గరి చెప్పులు రెండూ చేతిలోకి తీసుకుంది.

"ఇటు చూడు పిన్నీ. రెండూ ఒకే రబ్బరు, ఒకే బరువు. అయినా ఎడమది కుడికాలికి పట్టదు కదా? పాత మందులో రేణువులు ఇలాగే రెండు రకాలూ సగం సగం ఉండేవి. కొత్తదాంట్లో ఎడమ రకమే. ఒంట్లో బాగా అమిరేది అదే. సగం మోతాదు చాలు. త్వరగా లేస్తారు, కలవరింతలూ తగ్గుతాయట."

"మరి నేనో?"

డాక్టరు చెప్పులు కింద పెట్టింది. "సోమవారం ముగ్గురున్నారు. ముగ్గురూ ప్రశాంతంగా లేస్తే ఈ గదికి వేరే మనిషి అక్కర్లేదంటున్నారు మన ఆసుపత్రి పెద్దాయన. బట్టలుతికే గదిలో చోటుంది పిన్నీ."

ఇవాళ సోమవారం. చెయ్యి విరిగిన జాలరి కళ్లు తెరిచి, "అయిపోయిందా? సిగరెట్టుందా?" అన్నాడు. తర్వాత అంతే ప్రశాంతంగా లేచిన పంతులమ్మ దారం కూడా కట్టించుకోలేదు. "ఇప్పుడెందుకులే అక్కా."

సీఫన్‌కు పాతవాళ్లు గుర్తొచ్చారు. చేపనైపోయాను, నీళ్లలోంచి తియ్యొద్దని తిట్టిన లారీ డ్రైవరు. గుమ్మంలో అత్తగారు నిలబడి ఉండగానే ఆవిణ్ణి అరగంట దులిపేసిన కొత్తకోడలు. "అదంతా మందు మాట్లాడిందమ్మా" అని చెప్పి ఆ కాపురాన్ని సీఫనే నిలబెట్టింది.

ఇక మిగిలింది తొంగ్‌సీ ముసలమ్మ. కాలిన కాలికి మత్తిచ్చి కట్టు మార్చడం ఇది ఏడోసారి. ఆరుసార్లూ చిన్నప్పుడు బాంబులకు భయపడి దాక్కున్న గుహలోకే వెళ్లిపోయి, పైకప్పు కూలుతోందని గోళ్లతో గాలిని తవ్వింది. ఆరుసార్లూ సీఫనే బయటికి పిలిచింది.

ముసలమ్మను మంచం మీదికి మార్చారు. సీఫన్ ఆవిడ కనురెప్పలనే చూస్తూ కూర్చుంది. ఈవిడ ఒక్కసారి అరిస్తే చాలు అనుకుంది. అనుకున్న మరుక్షణం నాలుక కరుచుకుంది.

రెప్పలు కదిలాయి.

"ఏమే, మొహం అలా పెట్టావు? చచ్చాననుకున్నావా?"

"గుహ..."

"ఇవాళ గుహే లేదు. ఉత్త నిద్ర. మా అమ్మ పక్కన పడుకున్నట్టుంది." ముసలమ్మ నవ్వబోయి దగ్గింది. "నిన్ను పిలవనిచ్చానా? ఓడిపోయావు పో!"

సీఫన్ కూడా నవ్వింది. కళ్లు తుడుచుకోలేదు. ముసలమ్మ మంచి పాదాన్ని చాలాసేపు ఒత్తింది. తర్వాత డాక్టరు గదికి వెళ్లి, "ముగ్గురూ ప్రశాంతంగా లేచారు డాక్టరమ్మా. తొంగ్‌సీ కూడా" అంది.

"బట్టల గది..."

"వద్దమ్మా. పాక్సన్‌లో మా చెల్లెలుంది."

మూడు గంటల బస్సుకు ఆమె వెళ్లిపోయింది. ఎవరూ సాగనంపలేదు. ఇవాళే వెళ్తున్నట్టు ఎవరికీ తెలియదు.

సాయంత్రం ఊడవడానికొచ్చిన ఆవిడకు ఆక్సిజన్ సిలిండరు పిడికి వేలాడుతూ, సీఫన్ రోజూ మధ్యాహ్నానికి తెచ్చుకునే వెదురు అన్నంబుట్ట కనిపించింది. మూత తీసింది. ఒక్క ముద్ద తీసిన చోట చిన్న గుంట ఉంది. మిగతా అన్నమంతా అలాగే ఉంది.