మూడు అరల పెట్టె

"చెత్తకి కూడా మేడ కడుతున్నావా?" అంది వెంకటరత్నమ్మ, కోడలు వాషింగ్ మెషిన్ వచ్చిన అట్టపెట్టెని హాల్లో ముందేసుకుని కూర్చోవడం చూసి.

శ్రీదుర్గ పెట్టెని తనవైపు తిప్పుకుంది. అన్నీ కలిపేసి ఇస్తే తీసుకోబోమని చెత్తబండి వాళ్లు చెప్పి వారమైంది. పెట్టె పైభాగం కూరగాయల కత్తితో కోసింది. పాత క్యాలెండర్ అట్టలు నిలబెట్టి మూడు అరలు చేసింది. మైదా ఉడికించి జిగురు పట్టించింది. నానిపోకుండా బియ్యం సంచులు కత్తిరించి లోపల కుట్టింది. చిరిగిన చీర అంచుతో పక్కల పిడులు పెట్టింది. చివరికి కాగితాలు, ప్లాస్టిక్, గాజు అని ఒక్కో అర మీదా గుండ్రంగా రాసింది. సరుకుల చీటీ మీద కాకుండా ఇంకోచోట తన చేతిరాత చూసుకుని ఎన్నేళ్లయిందో ఆమెకి గుర్తు రాలేదు.

మర్నాడు సాయంత్రం లక్ష్మీకాంత్ ఆఫీసు నుంచి వచ్చాడు.

"ఏమండీ, ఒకసారి ఇది చూడండి."

"బాగుంది. కాఫీ పెట్టు," అన్నాడు ఫోన్లోంచి తలెత్తకుండా. కొత్త చొక్కా మీది ప్లాస్టిక్ కవరు విప్పి సోఫాలోనే వదిలేశాడు.

ఆ కవరు తీసి పెట్టెలో వేసింది శ్రీదుర్గ. ఉదయం అత్తగారి మందుల అట్ట, మధ్యాహ్నం తను కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్లు, ఇప్పుడిది. ఈ ఇంట్లో ఎవరి పని అయిపోతే వాళ్లు లేచి వెళ్లిపోతారు. వాళ్లు వదిలేసినవి వాటంతటవే మాయమవుతాయనుకుంటారు కాబోలు. పందొమ్మిదేళ్లుగా ఆ మాయ అంతా తన రెండు చేతులదే. పెట్టె చేసిన రెండు రోజులూ అత్తగారి ఎత్తిపొడుపు తప్ప తనతో ఎవరూ మాట్లాడలేదన్న సంగతి ఆమెకి ఇప్పుడే తట్టింది. మాట్లాడకపోయినా తనకి తెలియలేదంటే, అది ఎంత అలవాటైపోయిందో అనిపించి కాసేపు ఆ పెట్టె దగ్గరే నిలబడిపోయింది. కాఫీకి పెట్టిన పాలు పొంగిన చప్పుడుకి వంటింట్లోకి పరుగెత్తింది.

ఆదివారం అపార్ట్‌మెంట్ మీటింగ్ నుంచి లక్ష్మీకాంత్ హుషారుగా వచ్చాడు.

"మన పెట్టె ఫోటో గ్రూపులో పెట్టా. అందరూ తెగ మెచ్చుకున్నారు. పద్దెనిమిది ఫ్లాట్లకీ చేయించి ఇస్తానని మాటిచ్చా."

"ఎవరు చేస్తారండీ?"

"నువ్వే. ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా."

మర్నాటికి గుమ్మం ముందు ఫ్లాట్ల వాళ్లు తెచ్చి పడేసిన అట్టపెట్టెలు గుట్ట పడ్డాయి. అతను స్నానానికి వెళ్లినప్పుడు బల్ల మీది ఫోన్లో ఆ గ్రూపు తెరిచి ఉంది. 'లక్ష్మీకాంత్ గారూ, ఐడియా సూపరండీ!' అని వరసగా పద్నాలుగు మందో పదిహేను మందో రాశారు. అతను చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. తన పేరు ఎక్కడైనా ఉందేమోనని శ్రీదుర్గ పైనుంచి కిందికి వెతికింది. పేరు లేదు. అసలు ఆ గ్రూపులో తనే లేదు.

ఆ పూటే ఒక అట్టముక్క తీసుకుని రాసింది: 'వచ్చే ఆదివారం నాలుగింటికి సెల్లార్లో పెట్టె చేయడం నేర్పుతాను. ఇంటికొకరు రండి. కత్తెర తెచ్చుకోండి.' కింద 'శ్రీదుర్గ' అని సంతకం చేసి లిఫ్టులో అంటించింది.

అది చదివిన లక్ష్మీకాంత్ మొహం ఎర్రబడింది. "నా పరువు తీస్తావా? మాటిచ్చానని చెప్పానుగా!"

"అది మీరిచ్చిన మాట కదండీ, నేనిచ్చింది కాదుగా," అంది మెల్లగా.

ఆదివారం పెట్టెలన్నీ రెండేసి చొప్పున కిందికి దించుకుంది. నాలుగున్నరయినా ఎవరూ రాలేదు. స్కూటర్ల మధ్య చాప మీద జిగురు గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. పై అంతస్తుల్లో టీవీలు వినిపిస్తున్నాయి. లేచి వెళ్లిపోదామని రెండుసార్లు అనిపించింది. వెళ్తే ఈ పెట్టెలు మళ్లీ తన గుమ్మంలోకే వస్తాయి. కూర్చునే ఉంది.

మొదటి అంతస్తులోని అఫ్సా కత్తెర పట్టుకుని వచ్చింది. ఆమె వెనకే రిటైరైన మాస్టారు జాన్సన్ గారు, తర్వాత ఇంకో నలుగురు. మొదటి పెట్టెకి శ్రీదుర్గ చెప్పేది వెనకాముందూ అయింది. మూడో పెట్టెకి వచ్చేసరికి సర్దుకుంది.

వచ్చినవాళ్ల ఫ్లాట్ నంబర్లు అఫ్సా ఒక కాగితం మీద రాస్తోంది. అంతలో లక్ష్మీకాంత్ లిఫ్టులోంచి దిగి, అందరినీ చూసి అక్కడే ఆగిపోయాడు.

"మీ ఫ్లాట్ కూడా రాసేయనా, శ్రీదుర్గ గారూ?" అడిగింది అఫ్సా.

శ్రీదుర్గ చేతిలోని అట్టని సరిచేస్తూ అంది: "నేను నేర్పడానికొచ్చానండీ. మా ఇంట్లోంచి నేర్చుకోడానికి ఇంకా ఎవరూ రాలేదు."