సున్నం పరీక్ష

కాగితం మీద అచ్చు వేయడం ఏమంత బ్రహ్మవిద్య కాదు. కాగితం ఇంకు తాగేస్తుంది, ఆరిపోతుంది, పని అయిపోతుంది. నున్నటి టైల్ అలా కాదు, చుక్క తాగదు. దాని మీద పోసిన ఇంకు జిడ్డుగిన్నెలో నీళ్ళలా ముడుచుకుని కూర్చుంటుంది. ఆ మొండిఘటాన్ని లొంగదీయడమే కెజియా ఉద్యోగం.

తాడేపల్లిగూడెంలో అచ్యుతరావు గారికి ఒక షెడ్డు, అందులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న ప్రింటింగ్ మిషనూ ఉన్నాయి. బయటి దేశం నుంచి వచ్చే ఇంకు కొనలేక, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన కెజియాని పిలిచి, "మనమే చేసుకుందామండీ" అన్నారు. అనడం తేలికే. ఆ ఇంకు గాలికి ఆరేది కాదు. టైల్ మీద పడ్డ వెంటనే అతినీలలోహిత దీపం కింద నుంచి వెళ్తే, ఆ వెలుగు తగిలి గట్టి పొరగా మారుతుంది. చిక్కగా చేస్తే మిషన్‌లోని సన్నటి రంధ్రాలు పూడుకుపోతాయి. పలచన చేస్తే బొమ్మ అలుక్కుపోతుంది. మరీ గట్టిపడితే పొర ముడుచుకుని టైల్‌ని వదిలేస్తుంది. రెండేళ్ళు గింజుకుంది కెజియా. చివరికి ఆసిడ్ గుణమున్న ఒక మందు నూటికి మూడు పాళ్ళు కలిపేసరికి పొర టైల్‌ని ఉడుంపట్టు పట్టింది.

దాన్ని ఆ పిల్ల పెట్టిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. బ్లేడుతో నిలువూ అడ్డం గీతలు గీసి, టేపు అంటించి లాగింది. వారం రోజులు నీళ్ళలో నానబెట్టింది. ఎసట్లో పడేసి ఉడికించింది. మే నెల ఎండంతా డాబా మీద ఉంచింది. ఇంకు ఊడలేదు. అప్పుడు, 2007 జూన్‌లో, పోయినేడాది చనిపోయిన తల్లి కనకమ్మ ఫొటోని తెల్లటి టైల్ మీద వేసింది. సొంతూరు పెదపాడు వెళ్ళి, తల్లి సమాధికి తలవైపు తనే దగ్గరుండి అతికించింది. చుట్టుపక్కల కుటుంబాలు చూసి ముచ్చటపడి, తమవాళ్ళవీ వేయమని అడిగారు. అక్టోబరు చివరికి మరో తొమ్మిది టైల్స్ వెళ్ళాయి.

తండ్రి యోబుకి ఆ టైల్ అంటే ప్రాణం. వరి పండించి పిల్లని చదివించిన మనిషి. ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక నేరుగా సమాధుల దొడ్డికి వెళ్ళి, చెంబుడు నీళ్ళు పోసి భార్య మొహం కడిగేవాడు. "ఇన్ని వానలు పడ్డాయా, మీ అమ్మ మొహంలో చుక్కంత రంగు పోలేదమ్మా" అని ఫోన్‌లో కూతురికి చెప్పి మురిసిపోయేవాడు.

నవంబరు రెండున సమాధుల పండుగకి కెజియా కొవ్వొత్తులు పట్టుకుని వచ్చింది. అన్ని సమాధులూ కొత్త సున్నంతో మెరుస్తున్నాయి. తల్లి సమాధి కూడా. కానీ టైల్ ఉండాల్సిన చోట నాలుగు పలకల సిమెంటు మచ్చ ఉంది.

"అంచు పగిలిందమ్మా. తీసి ఇంట్లో పెట్టాను" అన్నాడు యోబు, కొవ్వొత్తి వంకే చూస్తూ. కెజియా నమ్మింది.

రెండు రోజుల తర్వాత ఆదివారం. నెల మొదటి వారం కాబట్టి గుడిలో సంస్కారం ఉంది. వరస వరసగా లేచి వెళ్ళి, రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటున్నారు. యోబు వరస లేచింది. యోబు మాత్రం లేవలేదు. నలభై ఏళ్ళలో జ్వరమొచ్చినా మానని మనిషి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని బల్ల మీదే కూర్చుండిపోయాడు. సంఘపెద్ద విశ్వాసం గారు దగ్గరికొచ్చి, "ఏవండీ యోబు గారూ, ఒంట్లో బాగోలేదా" అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. ఆడవాళ్ళ వైపు నుంచి కెజియా అంతా చూసింది.

ఇంటికొచ్చాక అడిగింది. ఆయన లోపలికి వెళ్ళి, కనకమ్మ పాత చీరలో చుట్టిన టైల్ తెచ్చి ముందు పెట్టాడు. అది ఎక్కడా పగల్లేదు. తెల్లగా, కొత్తదానిలా ఉంది. ఒక మూల ఫొటోలోని చీర అంచు ముక్క మాత్రం మిగిలింది.

"పండగ ముందు రోజు సున్నం వేశానమ్మా. మిగతావాళ్ళు తమ టైల్స్‌కి తగలకుండా వేసుకున్నారు, నేను వేసింది టైల్ మీద కూడా పడింది. తడి సున్నం గెలికితే పూత పాడవుద్దని, పొద్దున్న తుడుద్దాంలే అనుకున్నా. పొద్దున్న తడిగుడ్డ పెట్టి తుడిచాను. మీ అమ్మ గుడ్డలోకి వచ్చేసింది." ఆయన తన కుడిచెయ్యి చూసుకున్నాడు. "గట్టిగా రుద్దేశాను కాబోలు. నా చేత్తో నేనే తుడిచేసుకున్నాను. ఆ చేత్తో రొట్టె ఎలా పుచ్చుకోనమ్మా?"

కెజియాకి అప్పుడు తట్టింది. సున్నం. ఆసిడ్ గుణమున్న మందుకి సున్నం అంటేనే పడదు. తడి సున్నం రాత్రంతా కూర్చుంటే ఆ పట్టు మొదలంటా తినేస్తుంది. ఇది తెలియని విషయమా? ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఏటా పండగ ముందు రోజు తండ్రి వెనక సున్నం బకెట్టు మోసింది తనే. అచ్యుతరావు గారంటే సమాధుల దొడ్డి మొహం చూసిన మనిషి కాదు. తను కూడా ఎండనీ వాననీ పరీక్షించి సున్నాన్ని మర్చిపోయిందంటే ఏమనాలి? చదువు నెత్తికెక్కితే ఇంట్లో బకెట్టు కనపడదు మరి.

"మీ చెయ్యి కాదు నాన్నా. తప్పు నా ఇంకుది."

"ఊరుకోవే. నన్ను ఓదార్చడానికి నీ పనిని నువ్వే తిట్టుకుంటావా? వానాకాలమంతా నేను చూశాను కదా."

ఇంక ఎన్ని చెప్పినా వినలేదు. కూతురి పని మీద ఆయనకున్న నమ్మకమే ఆయన మెడకి చుట్టుకుంది. దాన్ని పోగొడితే తప్ప ఆయన తేరుకోడని కెజియాకి అర్థమైంది.

గూడెం వెళ్ళి అచ్యుతరావు గారికి జరిగింది చెప్పింది. ఆయన తల పట్టుకున్నారు. "తొమ్మిది ఇళ్ళకి ఏం మొహం పెట్టుకుని చెప్తామండీ?" అన్నారు. చెప్పాల్సిందే అంది కెజియా. కాసేపు గొణిగి, చివరికి ఆయనే కారు తీసి ఆమెతో ఇల్లిల్లూ తిరిగారు. ఆ తర్వాత కెజియా ఇంకులోంచి ఆసిడ్ మందు తీసేసింది. అది లేకుండా మూడుసార్లు కలిపితే మూడుసార్లూ టేపుతోపాటు బొమ్మ ఊడొచ్చింది. నాలుగోసారి, ముందు టైల్ మీది గాజు పొరని పట్టుకునే మరో మందు పలచగా రాసి, వేడి చేసి, అప్పుడు అచ్చు వేసింది. తడి సున్నం కింద మూడు రోజులు ఉంచినా ఆ బొమ్మ చెక్కుచెదరలేదు.

నవంబరు ఆఖరు రోజున రెండు టైల్స్‌తో పెదపాడు దిగింది. ఒకటి కొత్త ఇంకుతో వేసిన అమ్మ. రెండోది పాత ఇంకుతో వేసిన తన ఫొటో. సాయంత్రం పెరట్లో సున్నం కలిపి రెండింటి మీదా పూయబోతే యోబు చెయ్యి పట్టుకున్నాడు.

"మళ్ళీ మీ అమ్మ మొహాన సున్నమా? వద్దమ్మా, నీకు దణ్ణం పెడతాను."

"ఒక్క రాత్రి ఓపిక పట్టండి నాన్నా."

పూసి, తడి గోనె కప్పింది. ఆ రాత్రి ఆయన అన్నం సరిగా తినలేదు.

తెల్లారాక గోనె తీసింది. ముందు తన టైల్ మీద ఒక వేలు పెట్టి, పసిపిల్ల బుగ్గ నిమిరినట్టు మెల్లగా జరిపింది. సున్నంతోపాటు కన్నూ ముక్కూ పాల మీద మీగడలా మడత పడి వేలికి వచ్చేశాయి. ఆ వేలు తండ్రికి చూపించింది.

"నేను రుద్దానా నాన్నా?"

యోబు ఆ వేలినీ, మొహం పోయిన టైల్‌నీ చాలాసేపు చూశాడు. "నిన్ను నువ్వు తుడిచేసుకున్నావేంటే, పిచ్చిదానా" అన్నాడు. అప్పుడు ఆయన కళ్ళ నీళ్ళు ఆగలేదు.

"ఇప్పుడు మీరు అమ్మని తుడవండి. ఎంత గట్టిగానైనా రుద్దండి."

ఆయన గుడ్డ తీసుకోలేదు. అరచేతిని సున్నం మీద పెట్టి నెమ్మదిగా లాగాడు. కనకమ్మ నుదురు బయటపడింది, తర్వాత కళ్ళు, ముక్కుపుడక. మళ్ళీ రుద్దాడు. ఈసారి బలంగా, పళ్ళు బిగించి రుద్దాడు. కనకమ్మ కదల్లేదు.

తెల్లబడ్డ అరచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు యోబు. నూతి దగ్గరికి వెళ్ళి, ఆ చెయ్యి శుభ్రంగా కడుక్కుని వచ్చాడు.

"రేపు సంస్కారం కదమ్మా," అన్నాడు. "నేను లేస్తాను."